చిన్నదాని రికార్డులో ఏడో పేజీ

రాత్రి పదకొండు దాటింది. మా చిన్నమ్మాయి సైన్సు రికార్డు ఇంకా బల్ల మీదే ఉంది, నాకు నిద్ర పట్టడం లేదు.

"కిరణజన్య సంయోగక్రియకు కాంతి అవసరమని నిరూపించుట." దాని కింద ముత్యాల్లాంటి అక్షరాలతో ఉద్దేశం, పరికరాలు, విధానం. పరిశీలన కూడా రాసేసింది: "నల్లకాగితం కట్టిన భాగం నీలి నలుపుగా మారలేదు." ఎప్పుడు చేశారని అడిగాను. "చేయలేదమ్మా. బోర్డు మీద రాస్తే ఎక్కించుకున్నాం" అంది.

చూడకుండానే పరిశీలన! పొద్దున్నుంచీ ఇదే నన్ను తొలుస్తోంది. చుక్క ఇంకు ఒలికితే పేజీ మళ్ళీ రాయిస్తారు. గీత వంకరైతే మార్కు పోతుంది. ఆకును మాత్రం ఎవరూ ముట్టుకోనక్కర్లేదు.

అందుకే పదకొండింటికి కుండీలోని మందారానికి ఒక ఆకు మధ్యలో నల్లకాగితం పెట్టి క్లిప్పులు బిగించాం. మూడింటికి కోశాం. చీకటి పడ్డాక చెట్టును ముట్టుకోవద్దని అత్తయ్య ముందే చెప్పారు. ఆకును మరిగే నీళ్ళలో ఒక నిమిషం ఉంచి, పొయ్యి ఆర్పేశాక, స్పిరిట్ పోసిన గ్లాసులో వేసి ఆ గ్లాసును వేడినీళ్ళ గిన్నెలో నిలబెట్టాం. స్పిరిట్ మెల్లగా చిలకపచ్చగా మారుతుంటే చిన్నది కదలకుండా చూసింది. బయటికి తీసేసరికి ఆకు పాలిపోయి, అప్పడంలా పెళుసుగా ఉంది. గోరువెచ్చని నీళ్ళలో ముంచి మెత్తబరిచి, అయోడిన్ చుక్కలు వేశాం. పిండిపదార్థం ఉన్న చోటే అది నల్లబడాలి.

ఆకంతా నల్లబడింది. కాగితం కట్టిన చోటు కూడా!

"పోనీలే అమ్మా, రికార్డులో సరిగ్గానే ఉంది కదా" అంది చిన్నది.

ఆ మాటకే నాకు కోపం వచ్చింది. కళ్ళ ముందున్న ఆకు తప్పు, పుస్తకం ఒప్పు అని ఈ వయసులోనే ఎలా అనుకుంటుంది? మా చదువు ఇలా ఉండేది కాదని పెద్ద ప్రసంగమే చేశాను.

పదో తరగతిలో మా మాస్టారు చెరువు నుంచి హైడ్రిల్లా అనే నీటిమొక్కను తెప్పించారు. బీకరులో చిటికెడు వంటసోడా, మొక్క మీద బోర్లించిన గరాటు, దాని మీద నీళ్ళు నింపిన పరీక్షనాళిక. వరండాలో ఎండలో పెడితే కొమ్మ చివరల నుంచి బుడగలు ఒక్కొక్కటిగా, సగ్గుబియ్యం గింజల్లా పైకి వచ్చేవి. మేఘం కమ్మితే మందగించేవి. మేము వంతులవారీగా లెక్కపెట్టాం. మూడో రోజు నాళికలో చేరిన ఆ గాలిలోకి, అంటే ఆక్సిజన్‌లోకి, నిప్పుతో ఉన్న అగరొత్తి పెడితే భగ్గుమంది.

భగ్గుమందా? ఇప్పుడు రాస్తుంటే ఆగిపోయాను. నేను వెనక వరుసలో ఉన్నాను. ముందున్నవాళ్ళు అరిస్తే నేనూ అరిచాను. మంట చూసినట్టు నాకు గుర్తులేదు. బుడగలు చూశాను, అది ఖాయం. కానీ రికార్డులో "అగరొత్తి ప్రకాశవంతంగా మండినది" అని రాశాను, పదికి పది తెచ్చుకున్నాను. సాయంత్రం చిన్నదాన్ని అంతగా మందలించి ఉండాల్సింది కాదు. వాళ్ళ టీచరు మీద కోపం కూడా సగం తగ్గింది. అరవై మంది పిల్లలు, ఒక్క పీరియడు, అందులో స్పిరిట్, నిప్పు.

అయినా పరిశీలన అన్న గడి మీద నా పట్టు వదలను. వాన్ హెల్మాంట్ అనే పాతకాలపు శాస్త్రవేత్త 200 పౌన్ల మట్టిలో 5 పౌన్ల విల్లో మొక్క నాటి, ఐదేళ్ళు నీళ్ళే పోశాడు. చెట్టు 169 పౌన్లు దాటింది, మట్టి తగ్గింది 2 ఔన్సులు. అదంతా నీళ్ళ నుంచే వచ్చిందనుకున్నాడు. గాలిని లెక్కలోకి తీసుకోలేదు. ఆయన పుస్తకం 1648లో వచ్చింది. నిర్ధారణ తప్పు, కానీ తూకం తూచినట్టే రాశాడు కనుక ఇప్పటికీ చెప్పుకుంటున్నాం.

మా ఆకు కూడా తప్పేమీ చెప్పలేదు. పొద్దున ఎండలో చేసుకున్న పిండిపదార్థం ఆకులో ఉండగానే మేము కాగితం కట్టాం. నాలుగు గంటల్లో అది ఎక్కడికి పోతుంది? ముందు మొక్కను రెండు రోజులు చీకట్లో ఉంచాలి. విధానంలో ఆ వాక్యం చిన్నదే రాసింది, రెండో అంశంగా. దాన్ని నేనూ చదవలేదు.

పడుకునే ముందు చిన్నది ఏడో పేజీకి ఒక చీటీ అంటించింది: "ఆదివారం, 11 నుంచి 3 వరకు. ఆకు మొత్తం నల్లబడింది." పెన్సిలుతో రాసింది. నేనేమీ అనలేదు.

కుండీ మెట్ల కింద గదిలో ఉంది. మొక్కను ఆకలితో మాడుస్తున్నారని అత్తయ్య రెండుసార్లు అన్నారు. బుధవారం పొద్దున్నే, ఎండ రాకముందే కాగితం కట్టాలి. క్లిప్పులు ఫ్రిజ్ మీద పెట్టాను.