నలభై దాటాక ఆన్‌లైన్ చదువు: నా అనుభవం

జీఎస్టీ కోర్సు సర్టిఫికెట్ నిన్ననే చేతికొచ్చింది. కోపం చల్లారకముందే రాసేయాలని కూర్చున్నాను.

తెనాలిలో ఎరువులు, పురుగుమందుల షాపులో లెక్కలు చూస్తాను. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చాక నా పనంతా మారిపోయింది. ఎరువుకు 5 శాతం, పురుగుమందుకు 18 శాతం, రైతు రెండూ కలిపే కొంటాడు. రిటర్నులు నువ్వే వేయగలిగితే జీతం పెంచుతానమ్మా అని ఓనరుగారు అన్నారు. దాంతో ఒక ప్రైవేటు సంస్థ నడిపే ఆన్‌లైన్ కోర్సులో చేరాను. చేరడం, ఫీజు కట్టడం ఫోన్‌లోనే అయిపోయాయి. పాఠాలకు వంక పెట్టలేను. ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ (సరుకు కొన్నప్పుడు కట్టిన పన్నును, అమ్మినప్పుడు కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకోవడం) గురించి మేడమ్ ఒక కిరాణా కొట్టు బిల్లు పట్టుకుని చెప్పారు. ఏళ్ల తరబడి అర్థం కానిది ఆ పూట అర్థమైంది.

అసైన్‌మెంట్ల దగ్గర మొదలైంది బాధ. గడువు నెలనెలా 20 రాత్రి. నెల పన్ను లెక్క తేల్చి కట్టే రిటర్ను జీఎస్టీఆర్-3బీ, దానికి ఆఖరు తేదీ కూడా 20. అంతకుముందు 11కి అమ్మకాల వివరాల రిటర్ను, జీఎస్టీఆర్-1. ఆ రోజుల్లో మాకు అన్నం తినే తీరిక ఉండదు. ఈ కోర్సులో చేరేదే లెక్కలు రాసేవాళ్లు. పాఠంలో ఆ తేదీ చెప్పినవాళ్లకు, గడువు పెట్టేటప్పుడు అది గుర్తుకు రాలేదు. రెండు రోజులు జరపమని మెయిల్ పెడితే, సమయపాలన మీద ఒక వీడియో పంపారు. తెల్లవారుజామునే లేచి అన్నీ గడువులోపే ఇచ్చాను. ఒక్కటీ ఆలస్యం కాలేదు. ఆ మాట గర్వంగానే చెప్తాను.

ఇక పరీక్ష. కెమెరా ముందు కూర్చుని రాయాలి, గది నాలుగు మూలలూ చూపించాలి, ఇంకో గొంతు వినపడకూడదు. మాది రెండు గదుల ఇల్లు. ముందు గదిలో మామయ్యగారి మంచం, ఆయనకు పక్షవాతం. మా అబ్బాయిని ఆయన దగ్గర కూర్చోబెట్టి మొదలుపెట్టాను.

నాది బైఫోకల్ కళ్లజోడు. దగ్గరి అక్షరాలు కనపడాలంటే గడ్డం పైకెత్తి కింది అద్దంలోంచి చూడాలి. గడ్డం ఎత్తగానే తెర మీద ఎర్రటి హెచ్చరిక, చూపు పక్కకు పోతోందని. అంకెలు కూడుకుంటూ పెదాలు కదిపితే ఇంకోటి. అంతలో మామయ్యగారు దగ్గి నీళ్లు అడిగారు. పరీక్ష ఆగిపోయింది. ప్రవర్తన అనుమానాస్పదంగా ఉందని వెంటనే మెయిల్ వచ్చింది.

హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేశాను. ఎత్తినతను మా అబ్బాయి కంటే నాలుగైదేళ్లు పెద్దవాడేమో, "పక్కనుంచి ఎవరైనా ఆన్సర్లు చెప్పారా మేడమ్?" అన్నాడు. ఇంటి పరిస్థితి చెబితే, "సెపరేట్ రూమ్ లేనప్పుడు ఎందుకు జాయినయ్యారండీ?" అన్నాడు. స్పీకర్‌లో మా అబ్బాయి వింటున్నాడు. రోజూ వేలకు వేలు నగదు లెక్కపెట్టి అప్పగించే మనిషిని నేను. పైసా తేడా వచ్చిందని ఇంతవరకు ఎవరూ అనలేదు. నా కొడుకు ముందు దొంగలా జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది.

పెద్దవాళ్లు చదువుకోవడానికి వచ్చేటప్పుడు ఇల్లూ, ఉద్యోగం, మంచంలో ఉన్న మనిషీ వాళ్లతోపాటే వస్తారు. 1982లో హైదరాబాద్‌లో సార్వత్రిక విశ్వవిద్యాలయం పెట్టినప్పుడు అది ఆలోచించారు. మా అక్క అక్కడే బీఏ చేసింది, ఆదివారం తరగతులు కాబట్టే చేయగలిగింది. ఐఐటీలు ఆన్‌లైన్‌లో పాఠాలు చెప్పే ఎన్‌పీటెల్‌లో పన్నెండు వారాల కోర్సుకు బాగా వచ్చిన 8 అసైన్‌మెంట్లే లెక్కలోకి తీసుకుంటారు. ఒక వారం ఇంట్లో జ్వరమొచ్చినా మనిషి ఓడిపోడు. చివరి పరీక్ష సెంటర్లో, మనుషుల ముందు. ఐఐటీలు పాటించగలిగిన మర్యాద వీళ్లకెందుకు బరువైంది?

నేను వదల్లేదు. రికార్డింగును మనిషి చూడాలని, కంటి డాక్టరు చీటీ జతచేసి, రోజు విడిచి రోజు మెయిల్ పెట్టాను. చివరికి పాఠాలు చెప్పిన మేడమే ఫోన్ చేశారు. "వీడియో చూశానండీ. మా అమ్మ కూడా అలాగే గడ్డం ఎత్తి చదువుతుంది," అన్నారు. విజయవాడ సెంటర్లో మళ్లీ రాయించారు. అక్కడ గడ్డం ఎత్తినా, పెదాలు కదిపినా ఎవరూ ఏమీ అనలేదు. ఫస్ట్ క్లాసులో పాసయ్యాను.

చేరబోయేవాళ్లు డబ్బు కట్టకముందే పరీక్ష ఎక్కడ, ఎలా అని అడగండి. కళ్లజోడు సంగతి, ఇంట్లో రోగి సంగతి ముందే రాసి పంపి, జవాబు దాచుకోండి. హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసి గొంతు నొప్పి తెచ్చుకోవద్దు, ఏదైనా మెయిల్లోనే.

ఈ నెల 3బీ నేనే వేశాను. అసైన్‌మెంట్ గడువు 20 నుంచి 25కి మార్చమని ఆ సంస్థకు మళ్లీ రాశాను. నా కోర్సు అయిపోయింది కానీ, వచ్చే బ్యాచ్‌లో మా వీధి మెడికల్ షాపు అమ్మాయి చేరుతోంది. జవాబు వచ్చేదాకా రాస్తూనే ఉంటాను.