గుంటకు మూడు లక్షలు: మామునూరులో మా భూమి పరిహారం కథ

వరంగల్ దగ్గరి మామునూరు ఎయిర్‌పోర్టు కోసం 253 ఎకరాలు సేకరించడానికి రాష్ట్ర ప్రభుత్వం 205 కోట్లు మంజూరు చేస్తూ 2024 నవంబరులో జీవో ఇచ్చింది. అందులో మాది ఎకరం పదహారు గుంటలు (ఎకరానికి నలభై గుంటలు). పేపర్లో ఆ వార్త వచ్చిన రోజే చుట్టాల ఫోన్లు మొదలయ్యాయి. ఒకాయన అప్పు కూడా అడిగాడు. మా ఖాతాలో పైసలు పడటానికి మాత్రం ఏడాది దాటింది.

బాపుకు విమానాలు కొత్త కాదు. నిజాం 1930లో కట్టించిన ఎయిర్‌పోర్టు 1981 దాకా నడిచింది. చిన్నప్పుడు చేన్లో పని ఆపి తలెత్తి చూసేవాళ్లట. మళ్లీ తెరుస్తారని ఎన్నిసార్లు అన్నా, శంషాబాద్‌కు 150 కిలోమీటర్ల లోపు ఇంకో ఎయిర్‌పోర్టు రాకూడదన్న ఒప్పందం అడ్డుపడింది. దాన్ని నమ్ముకునే బోరు వేయించానని బాపు ఇప్పటికీ అంటాడు. 2025 ఫిబ్రవరి 28న కేంద్రం అనుమతి ఇచ్చేసింది.

సర్వే అయ్యాక జాబితాలో మా పేరున ఎకరం పన్నెండు గుంటలే ఉంది. నాలుగు గుంటలు ‘బాట’ కింద తీసేశారు. ఆ బాట ఎవరిదో కాదు, మాదే. వెనక చేన్లవాళ్ల బండ్లు పోవడానికి ఎప్పుడో బాపే వదిలాడు. “నాలుగు గుంటల కోసం ఆఫీసు మెట్లెక్కాల్నా?” అని ఆయన విసుక్కున్నాడు. నోటిఫికేషన్ వచ్చాక అభ్యంతరం చెప్పడానికి 60 రోజులుంటాయి. ఆయనకు చెప్పకుండానే ఒక కాగితం రాసి ఇచ్చి, రసీదు తీసుకున్నాను. తర్వాత సాగుభూమికి ఎకరాకు కోటీ ఇరవై లక్షలని ధర తేలింది. అంటే గుంటకు మూడు లక్షలు. ఆ రాత్రి బాపే అడిగాడు, “ఆ రసీదు ఏడ వెట్టినవ్ రా?”

(అంతా సాగుభూమే అనుకున్నా 253 ఎకరాలకు 303 కోట్లు దాటుతుంది, 205 ఎట్లా సరిపోతాయని ఊళ్లో ఇంకో టెన్షన్. ఆ లెక్క వేయనివాళ్లు లేరు.)

మొదటిసారి పోయినప్పుడు, బాట అంటే సర్కారుదే అని ఒక ఉద్యోగి నన్ను కుర్చీలో కూర్చోనీయకుండానే పంపేశాడు. రిటైరైన ఒక సర్వేయర్ దారి చూపించాడు. గ్రామ నక్షాలో (ఊరి పటంలో) గీసి ఉంటేనే నక్షా బాట. నక్షాలో లేకపోతే, ఎంతమంది నడిచినా అది పట్టా భూమే. నక్షా నకలు, మా సర్వే నంబరు టిప్పన్ (కొలతల పటం), పాత పహాణీలు (సాగు రికార్డులు) తీయించాను. నక్షాలో మా చేను మీద ఏ గీతా లేదు. గంటసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను.

అయినా మళ్లీ కొలిచి పంచనామా చేయాలన్నారు. ఆ బాట వాడుకునే రైతులు సాక్ష్యం చెప్పాలి. ముగ్గురిలో ఒకాయన బోరు నీళ్ల గొడవతో పదకొండేళ్లుగా బాపుతో మాట్లాడడం లేదు. నేను వాళ్లింటికి రెండుసార్లు పోయి గడప ఎక్కకుండానే తిరిగొచ్చాను. పంచనామా రోజు ఆయనే వచ్చాడు. బాపు వైపు చూడకుండా, “నా బండి పొయ్యిందే గా బాటెంట. ఏడ వెట్టాలె సంతకం?” అన్నాడు.

మిగతాదంతా కాగితాల పనే. ఆధార్‌లో ఒకలా, పాసుబుక్కులో ఇంకోలా ఉన్న పేరు సరిచేయడం, ఈసీ (భూమి మీద అప్పులు, లావాదేవీలు చూపే కాగితం) తీయడం, పంట రుణం కట్టేసి బ్యాంకు నుంచి లెటర్ తేవడం. ఒక్కటి మాత్రం రాసి పెట్టుకోండి. 2013 భూసేకరణ చట్టం 96వ సెక్షన్ ప్రకారం ఈ పరిహారం మీద ఆదాయపు పన్ను లేదు. పన్ను కోస్తారేమో అని మేము ఊరికే రెండు వారాలు నిద్ర పాడుచేసుకున్నాం.

చివరికి యాభై ఆరు గుంటలకూ పడ్డాయి. కంచె వేస్తారని తెలిసి, అంతకుముందు రోజు బోరు మోటరు తీయడానికి పోయాం. మా ఇద్దరి వల్ల కాలేదు. బాపు కాసేపు గెట్టు మీద నిలబడి, ఆ సంతకం పెట్టినాయన చేను వైపు తిరిగి, “అన్నా, జర ట్రాక్టర్ తెస్తవా?” అని కేకేశాడు. మోటరు ఆ బాట మీదుగానే ఇంటికి వచ్చింది.