అర్జినిన్ డబ్బా, నా పెద్దపేగు

అమీర్‌పేటలో జిమ్‌కు వెళ్లేవారి పొడులు అమ్మే ఒక దుకాణం నుండి మా మేనల్లుడు ఎల్-అర్జినిన్ డబ్బా తెచ్చి, "మామయ్యా, దీంతో నైట్రిక్ ఆక్సైడ్ పెరిగి పేగులో పుండ్లు మానతాయట" అన్నాడు. పెద్దపేగు వాచి పుండ్లు పడే అల్సరేటివ్ కొలైటిస్‌కు ఏళ్ల తరబడి వాపు తగ్గించే మెసలమిన్ మాత్రలు మింగుతున్న నాకు ఆశ పుట్టడం సహజమే.

అతను చెప్పినదాంట్లో సగం నిజం. నైట్రిక్ ఆక్సైడ్ రక్తనాళాలను సడలించే సంకేతమని కనుగొన్నందుకు 1998లో ముగ్గురు శాస్త్రవేత్తలకు నోబెల్ బహుమతి వచ్చింది. శరీరం దాన్ని అర్జినిన్ అనే అమైనో ఆమ్లం నుండే తయారుచేసుకుంటుంది. అయితే ఆరోగ్యంగా ఉన్న పేగులో కొద్దికొద్దిగా పుట్టి రక్తప్రసారాన్ని, లోపలి పొరను కాపాడే ఈ వాయువు, వాపు వచ్చిన పేగులో మరో ఎంజైమ్ విజృంభించడం వల్ల మోతాదుకు మించి తయారై, సూపర్ ఆక్సైడ్ అనే చురుకైన ఆక్సిజన్ రూపంతో కలిసి పెరాక్సీనైట్రైట్ అనే హానికర పదార్థంగా మారి కణాలను దెబ్బతీస్తుంది. ఆ ఎంజైమ్‌ను అడ్డుకుని జంతువులపై చేసిన ప్రయోగాల్లో కొన్నిసార్లు మేలు, కొన్నిసార్లు కీడు జరిగింది. పైగా మింగిన అర్జినిన్‌లో చాలా భాగాన్ని పేగు, కాలేయమే విరిచేస్తాయి. పుచ్చకాయలో దొరికే సిట్రులిన్ అనే మరో అమైనో ఆమ్లం ఆ గండం దాటి మూత్రపిండాల్లో అర్జినిన్‌గా మారుతుంది. ఈ సంగతి డబ్బా మీద ఎందుకు రాస్తారు?

ఇవన్నీ చదవకముందే నేను రెండు చెంచాలు, అంటే 10 గ్రాములు, ఒకేసారి నీళ్లలో కలిపి తాగాను. చేదుగా ఉంది. మధ్యాహ్నానికి నాలుగుసార్లు నీళ్ల విరేచనాలయ్యాయి. జబ్బు తిరగబెట్టిందనుకుని, స్టెరాయిడ్ తప్పదని భయపడుతూ డాక్టరు గారి దగ్గరకు వెళితే, ఆయన మలంలో కాల్‌ప్రొటెక్టిన్ (పేగు వాచినప్పుడు పెరిగే ప్రొటీన్) పరీక్ష రాశారు; గ్రాముకు 50 మైక్రోగ్రాముల లోపే వచ్చింది. వాపు లేదు, కారణం పొడే. మోతాదు మించితే అర్జినిన్ ఇలా చేస్తుందని, రోజూ విరేచనాల లెక్క చూసుకునే రోగికి అదే పెద్ద గందరగోళమని ఆయన విసుక్కున్నారు.

గ్లూటమైన్ అనే ఇంకో అమైనో ఆమ్లం సంగతీ డాక్టరు గారిని అడిగాను. పేగు కణాలకు అది ఇంధనమే అయినా, క్రోన్స్ వ్యాధి (పేగు వాపు జబ్బుల్లో మరొకటి) ఉన్న పిల్లలకు దాన్ని అదనంగా చేర్చిన ద్రవాహారం మామూలు ద్రవాహారం కంటే మెరుగుగా పనిచేయలేదట.

మెసలమిన్ మానలేదు. సగం మిగిలిన డబ్బాను మేనల్లుడే తీసుకుపోయాడు. అతని కడుపుకు అది పడుతోంది.