సార్దీసు కొండకి కాపలా లేని వైపు

అందరికీ వందనాలు. మొన్న శ్రమల దినాల్లో, అంటే ఈస్టర్‌కి ముందు ఉపవాసాల రోజుల్లో, మా సంఘంలో (చర్చిలో) బైబిల్ చివరి పుస్తకమైన ప్రకటన గ్రంథంలోని ఏడు సంఘాల ఉత్తరాలు తీసుకున్నాం, వారానికి ఒకళ్ళు చెప్పాలి, నాకేమో సార్దీసు పడింది. లవొదికయ పడితే బాగుండేది అనుకున్నా, ఆ సంఘం నులివెచ్చగా ఉండడం గురించి చిన్నప్పట్నుంచి ఎన్ని ప్రసంగాలు విన్నామో, గంట కూర్చుంటే రెడీ అయిపోద్ది.

సార్దీసు గురించి చదవడం మొదలెట్టాక మాత్రం నిద్ర పట్టలేదు. మిగతా ఉత్తరాలు చూడండి, స్ముర్న వాళ్ళకి చెర, పెర్గములో అంతిప అనే విశ్వాసిని చంపేశారు, తుయతైరలో యెజెబెలు అనే దుర్బోధకురాలి గొడవ. సార్దీసులో ఏ గొడవా లేదు, హింస లేదు, దుర్బోధ మాటే లేదు, హాయిగా ఉన్న సంఘం. దానికే ప్రభువు "జీవించుచున్నావన్న పేరు మాత్రమున్నది గాని నీవు మృతుడవే" అన్నాడు!

ఆ ఊరి చరిత్ర ఇంకా విచిత్రం. ఇప్పటి టర్కీలో ఉంది, నిట్టనిలువు కొండ మీద కోట. క్రీ.పూ. 546 ప్రాంతంలో పారసీక రాజు కోరెషు ముట్టడించాడు, గ్రీకు చరిత్రకారుడు హెరోడోటస్ రాసినదాని ప్రకారం లోపలి సైనికుడి శిరస్త్రాణం జారి కిందపడితే అతను దిగొచ్చి తీసుకెళ్ళాడంట, అది పారసీకుల వైపు వాడొకడు చూసి, మర్నాడు అదే దారిలో ఎక్కేశారు. ఆ వైపు కాపలా లేదు, ఎందుకంటే అటు నుంచి ఎవరూ ఎక్కలేరని వాళ్ళ ధీమా. పోనీ బుద్ధొచ్చిందా అంటే, మూడు వందల ఏళ్ళు దాటాక మూడో అంతియొకస్ రాజు ముట్టడించినప్పుడు మళ్ళీ అంతే, గోడ మీద ఒకచోట పక్షులు నింపాదిగా వాలడం చూసి అక్కడ మనుషుల్లేరని శత్రువు కనిపెట్టాడు. "జాగరూకుడవై" అన్న మాట ఆ ఊరివాళ్ళకి ఎక్కడ తగిలుంటుందో ఆలోచించండి.

అప్పుడు నా కోట చూసుకున్నా. సినిమాలు, స్నేహాలు, డబ్బు, వీటి దగ్గర నేను బాగానే కాపలా పెట్టుకున్నా, ఇంట్లో పెంపకం అలాంటిది. పరిచర్య, అంటే చర్చి సేవ, ఆ వైపే కాపలా ఎవరూ లేరు. ఆదివారం పాటలు లీడ్ చేస్తా, సండే స్కూల్ చెప్తా, రోజూ వాక్యం స్టేటస్ పెడతా, ఇన్ని చేసేదానికి ఏమవుద్ది అని. నైట్ షిఫ్ట్‌లు మొదలయ్యాక మైకు లేకుండా ప్రార్థన చెయ్యడం ఎప్పుడు ఆగిపోయిందో కూడా గుర్తులేదు, ఎవరూ అడగలేదు కూడా, ఎందుకంటే స్టేజి మీద అంతా బాగానే ఉంది కదా.

మా సంఘంలో ఒక మామ్మగారున్నారు, తెల్లారుజామున లేచి సంఘంలో వాళ్ళందరి పేర్లు చెప్పి ప్రార్థిస్తారు. ఆవిడకి చెప్తే జాలిపడలేదు సరికదా, "ఈ వారం జనం ఎదురుగా కాకుండా ఎప్పుడైనా ఏడ్చావే అమ్మాయ్?" అన్నారు. ప్రతి శనివారం ఫోన్ చేసి ఇదే అడుగుతానన్నారు, అడుగుతున్నారు కూడా.

ఉపవాసాలు ఈజీనే అండి, అందరూ కలిసి ఉంటాం కాబట్టి. కష్టమైంది ఒంటరి అరగంట. 119వ కీర్తన పట్టుకున్నా, 176 వచనాలు, ఎనిమిదేసి చొప్పున 22 భాగాలు, రోజుకి ఒక భాగం పైకి చదివి దాని మీదే ప్రార్థన. షిఫ్ట్ అయ్యి ఇంటికొచ్చాక ఫోన్ వంటింట్లో పెట్టేసేదాన్ని. చాలా రోజులు ఏమీ అనిపించలేదు, కళ్ళు మూతలు పడిపోయేవి, గెత్సేమనే తోటలో యేసు ప్రార్థిస్తుంటే నిద్రపోయిన శిష్యుల్ని ఇక తప్పుపట్టలేను. మామ్మగారికి చెప్తే "అనిపించడం కోసమా చేసేది, పడుకునే ముందు తలుపు గడియ పెట్టేటప్పుడు నీకేమైనా అనిపిస్తదా?" అన్నారు. ఒకటి మాత్రం మారింది, స్టేటస్ పెట్టడం మానేశా, ఉదయం చదివిన వాక్యం ఆ రోజంతా నా దగ్గరే ఉంటోంది.

సార్దీసు పాఠం నా వంతు వచ్చినప్పుడు చరిత్ర వరకే చెప్పా, నా సంగతి ఎత్తలేదు, అదికూడా స్టేజి మీద ఒక సాక్ష్యంగా మారిపోద్దేమోనని భయమేసింది. ఇప్పుడు రాస్తున్నా కదా అంటారా, పేరు పెట్టట్లేదుగా.

అసలు తిప్పలు ఈస్టర్ తర్వాతే. శ్రమల దినాల్లో ఊరంతా మేలుకునే ఉంటుంది, పండగైన మర్నాటి నుంచి అందరూ నార్మల్, నేనూ రెండు మూడు సార్లు జారా. యూత్ కన్వెన్షన్‌కి పాటలు లీడ్ చెయ్యమని మా పాస్టర్ అయ్యగారు అడిగితే వెంటనే ఒప్పుకోకుండా మామ్మగారిని అడిగా. "పాడవే, ఎందుకు పాడవు, కానీ కన్వెన్షన్ ఉన్న శనివారం కూడా ఫోన్ చేస్తా" అన్నారు.