కీమో మధ్యలో కొండకు

తిరుపతిలో దిగినప్పటి నుంచే గుండ్లు కనిపిస్తాయి. ఆడా మగా, చంటిపిల్లలు, ముసలివాళ్లు. క్యాన్సర్ చికిత్సలో కీమోకు జుట్టు పోయినవాళ్లు టోపీ లేకుండా తిరగగలిగే ఊరు తిరుమల. ఎవరూ తేరిపార చూడరు. క్యూలో పక్కనున్న పెద్దావిడ "ఏం మొక్కమ్మా?" అంటే "ఆరోగ్యం కోసం పెద్దమ్మా" అంటే చాలు, నిజమే చెప్పినట్టు.

అయితే అక్కడ కలిసిపోయేది గుండు ఒక్కటే. కనుబొమలు రాలిన ముఖం, స్టెరాయిడ్లకు ఉబ్బిన బుగ్గలు, నల్లబడ్డ గోళ్లు, వాచిన చెయ్యి కలిసిపోవు. చికిత్సలో ఉన్నవాళ్లను వెంటబెట్టుకుని వెళ్లే మేము ముందుగా సిద్ధమయ్యేది వీటికే.

తేదీ డాక్టరుతో మాట్లాడి పెట్టుకోవాలి. కీమో ఎక్కించాక సాధారణంగా 7 నుంచి 14 రోజుల మధ్య తెల్లరక్తకణాలు బాగా పడిపోతాయి. ఆ రోజుల్లో దర్శనం క్యూ కంపార్ట్‌మెంట్లలో జనం మధ్య కూర్చోవడం ప్రమాదం. తర్వాతి కీమోకు ముందు రోజుల్లో, రక్తపరీక్ష చూసుకుని వెళ్లడం మేలు. అలిపిరి దారిలో 3,550 మెట్లు, శ్రీవారి మెట్టులో 2,388. కేపసిటబీన్ అనే కీమో మాత్రలు వేసుకుంటూ అరిచేతులు, అరికాళ్లు ఎర్రబడి మండుతున్నవాళ్లకు రెండూ వద్దు. రాపిడికి, వేడికి చర్మం పగిలి బొబ్బలెక్కుతుంది. అదే కారణంగా ఎండవేళ మాడ వీధుల్లో ఉత్తకాళ్లతో తిరగడం మానుకోవాలి.

కేపసిటబీన్‌కు వేలిముద్రలు కూడా అరిగిపోవచ్చు. ముఖమేమో ఆధార్ ఫొటోలో ఉన్నట్టు ఉండదు. గుర్తింపు చూసేచోట వాదించే ఓపిక ఉండదు కాబట్టి, చికిత్స వివరాలున్న ఆసుపత్రి కాగితం జిరాక్సు ఆధార్‌తో కలిపి పెట్టుకోవాలి.

కల్యాణకట్ట సంగతి. రాలగా మిగిలిన జుట్టు తీయించుకుందామని చాలామందికి ఉంటుంది. తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు తక్కువగా ఉన్నప్పుడు కత్తి గాటు చిన్నదైనా రక్తం ఒక పట్టాన ఆగకపోవచ్చు, చీము పట్టొచ్చు. తలకు రేడియేషన్ అయినవాళ్లు అసలే వద్దు. గుండుకు రాసే చందనం కూడా ఆ చర్మానికి పడకపోవచ్చు. మొక్కు కొన్నాళ్లు ఆగినా ఫర్వాలేదు. కీమో పూర్తయిన ఒకటి నుంచి మూడు నెలల్లో జుట్టు మళ్లీ మొలవడం మొదలవుతుంది. మొదట రంగు మారి, ఉంగరాలు తిరిగి రావచ్చు. ఆ జుట్టు ఇవ్వండి, లేదా మూడు కత్తెరలు ఇవ్వండి.

విగ్గు గదిలోనే వదిలేయడం మంచిది. చెమటకు జారుతుంది, కింద చర్మం దురద పెడుతుంది. ఎండలో మాత్రం తల మీద మెత్తని నూలుగుడ్డ, చెవుల మీద, మెడ మీద ఎస్పీఎఫ్ 30 సన్‌స్క్రీన్ క్రీము, రెండు గంటలకోసారి.

కనుబొమలు పూర్తిగా రాలకముందే ముఖం దగ్గరగా ఫొటో తీసి ఉంచుకుంటే, తర్వాత పెన్సిల్‌తో ఆ గీతే చిన్నచిన్న వెంట్రుకల్లా దిద్దుకోవచ్చు. రెప్పల వెంట్రుకలు పోతే దుమ్ము నేరుగా కంట్లో పడుతుంది. సాదా అద్దాలు పెట్టుకుంటే కన్నూ బాగుంటుంది, లోటూ అంతగా కనిపించదు. ఎర్లోటినిబ్ లాంటి క్యాన్సర్ మాత్రలకు ముఖం మీద లేచేవి మొటిమల్లా ఉంటాయి కానీ మొటిమలు కావు. మొటిమల క్రీము రాస్తే చర్మం ఎండి ఇంకా మండుతుంది. బుగ్గలు ఉబ్బాయని స్టెరాయిడ్లు సొంతంగా ఆపేయడం అన్నిటికంటే ప్రమాదం. వాటిని డాక్టరే మెల్లగా తగ్గించాలి.

రొమ్ము తీసేసినవాళ్లకు తనిఖీ దగ్గర బెరుకు ఉంటుంది. లోపల పెట్టుకున్న సిలికాన్ రొమ్ము సంగతి చెయ్యి తగలకముందే మహిళా సిబ్బందికి చెప్పండి, చాటుగా చూడమని అడగండి. తోపులాటకు బరువైన సిలికాన్ కంటే దూది నింపినదే హాయి, కానీ తేలిక కాబట్టి పైకి జరుగుతుంది. జేబున్న బ్రాలో కుట్టి బిగించాలి. చంకలో లింఫు గ్రంథులు తీసిన వైపు చేత్తో సంచి మోయకండి. చెయ్యి వాయకుండా డాక్టరు చెప్పిన బిగుతు స్లీవ్ ఉంటే ప్రయాణమంతా వేసుకోండి.