తాడు కిందికి వచ్చేదాకా

కొండ అంచు నుంచి తాడు మీద దిగడం నాకు ఒక్క శనివారంలో పట్టుబడింది. దిగిన తరువాత ఆ తాడును కిందికి తెచ్చుకోవడం నేర్చుకోవడానికి మాత్రం రెండేళ్లు పట్టింది.

అమెరికాలోని సాల్ట్ లేక్ సిటీ నుంచి కారులో నాలుగున్నర గంటలు దక్షిణంగా వెళితే జయాన్ నేషనల్ పార్క్ వస్తుంది. ఆ చుట్టుపక్కల ఇసుకరాతిని నీరు కోసిన ఇరుకు లోయల్లోకి పైనుంచి ప్రవేశించి, నడిచి, ఈది, నిట్టనిలువు చోట్ల తాడు మీద జారి దిగువన బయటపడడమే కాన్యనీరింగ్. ప్రతి దిగుడుకూ అదే తాడు కావాలి గనుక దిగిన ప్రతిసారీ దానిని పైనుంచి లాగేసుకోవాలి. మొదటి తాడు లాగేసిన క్షణం నుంచి చాలా లోయల్లో వెనక్కి దారి ఉండదు.

చిన్న దిగుళ్లలో తాడును పైన బిగించి ఉన్న ఇనుప కడియం గుండా దూర్చి రెండు పోగులుగా వేలాడదీస్తే చాలు. 130 అడుగుల దిగుడుకు అలా చేయాలంటే 260 అడుగుల తాడు మోయాలి గనుక, దిగడానికి 9 మిల్లీమీటర్ల తాడు, లాగడానికి 6 మిల్లీమీటర్ల సన్నతాడు తీసుకువెళతాము. కడియంలో దూరని విధంగా ఒక కారబినర్‌ను (తెరిచి మూయగల లోహపు కొక్కేన్ని) లావుతాడుకు ముడివేసి, దానికి సన్నతాడును కలుపుతాము. దిగే మనిషి బరువుకు ఆ కారబినర్ కడియానికి ఆనుకొని నిలుస్తుంది. అందరూ దిగాక సన్నతాడు లాగితే అది కడియాన్ని వదిలి, తాడంతటినీ వెంటబెట్టుకొని వస్తుంది. పొరపాటున సన్నతాడు వైపు బరువు వేసిన మనిషిని ఆపేది ఏదీ ఉండదు. అందుకే ఏ పోగు మీద దిగాలో ఇద్దరు మనుషులు చూసి, పైకి చెప్పుకోవడం మా అలవాటు.

కిందటి అక్టోబరులో అలాంటి 130 అడుగుల దిగుడు దగ్గర మేము నలుగురం ఉన్నాము. పొద్దు వాలుతున్నది. కడియం అంచుకు పది, పన్నెండు అడుగుల వెనక ఉన్నది. దానిని పట్టీతో పొడిగించి అంచు దాటి వేలాడేలా చేయాలని నాకు తెలుసు, కానీ చేయలేదు. మొదట దిగినవాడు కింది నుంచి కొంత లాగి చూడాలనీ, పైనున్న చివరి మనిషి ఆ కదలికను గమనించి సరిదిద్దాలనీ కూడా తెలుసు. ఆ చివరి మనిషిని నేనే. చీకటి పడకముందే బయటపడాలన్న తొందరలో ఆ పరీక్ష మానేసి దిగిపోయాను.

లాగితే తాడు కొస రెండు నిలువుల ఎత్తుకు వెళ్లి ఆగిపోయింది. "అన్నా, ఇక రావట్లేదు" అన్నాడు తమ్ముడి వరసయ్యే కుర్రవాడు. మా నలుగురి బలంతో గుంజాము. అది రెండో తప్పు, ఎందుకంటే ఇరుక్కున్నదానిని గుంజితే మరింత బిగుస్తుంది. గోడకు దూరంగా జరిగి, కోణం మార్చి, తాడుకు అలలు పుట్టించి చూడడం ముందు చేయవలసిన పని. లావుతాడు కొస చేతికి అందుతుండగానే గమనించి ఉంటే దానిని వెనక్కి లాగి విడిపించే అవకాశం ఉండేది. ఇక సన్నతాడు పట్టుకొని పైకి ఎక్కుదామన్న ఆలోచన ఒకరికి వచ్చింది. పైన దానిని పట్టి ఉంచింది ఎక్కడో ఇరుక్కున్న ఒక కారబినర్. అది ఏ క్షణమైనా ఊడవచ్చు. వద్దన్నాను. ఆ సాయంత్రం నేను సరిగా చేసిన పని అదొక్కటే.

చేదబావిలో తాడు జారిపోతే పాతాళ గరిగె వేసి తీస్తారు. పైన చిక్కుకున్న తాడుకు అలాంటి పనిముట్టు లేదు. అదృష్టవశాత్తు మిగిలినవి రెండు చిన్న దిగుళ్లే. సంచిలో అదనపు తాడు ఉన్నది కాబట్టి బయటపడ్డాము. అది లేకపోతే రాత్రంతా తడిబట్టలతో అక్కడే ఉండవలసి వచ్చేది, పైగా ఇరుకు లోయలో నిలిచిపోవడమంటే చలి ఒక్కటే కాదు. 2015 సెప్టెంబరు 14న జయాన్‌లోని కీహోల్ కాన్యన్‌లో హఠాత్తుగా వచ్చిన వరదకు ఏడుగురు చనిపోయారు. మైళ్ల దూరంలో కురిసిన వాన కూడా ఇటువంటి లోయలోకి గోడలా రాగలదు. ఆలస్యానికి అక్కడ వేరే ధర ఉంటుంది.

తరువాత మళ్లీ శిక్షణకు చేరాను. ఈసారి దిగడం కాదు, లాగడమే నేర్పమని అడిగాను. నేలకు ఇరవై అడుగుల ఎత్తున్న రాతి దగ్గర రెండు రోజులు అదే పని: కడియం పొడిగించడం, కారబినర్ కట్టడం, లాగి చూడడం, తాడు కొసన వేసిన ముడి విప్పడం మరచిపోతే ఏమవుతుందో కళ్లారా చూడడం (అది కడియంలో ఇరుక్కొని అక్కడే ఉండిపోతుంది). విసుగు పుట్టించే పనే, కానీ ఇప్పుడు కొత్తవారు ఎవరైనా అడిగితే మొదట అక్కడికే పంపుతున్నాను.

వారం తరువాత పైదారిన నడిచి వెళ్లి మా తాడు తెచ్చుకున్నాము. అంచు మీద అంతకుముందు దిగినవారి తాళ్లు ఇసుకరాతిని అరగదీసిన గాళ్లు నాలుగైదు ఉన్నాయి, అచ్చం మా అమ్మమ్మగారి ఇంటి బావి ఒర మీద చేదతాడు చేసిన గాళ్లలాగే. వాటిలో లోతైనదానిలో మా కారబినర్ అడ్డంగా పడుకొని ఉన్నది. రెండు వేళ్లతో ఎత్తితే వచ్చేసింది.