అడవిలో పుట్టినవాడి ఇంటిపేరు

లాటిన్ నేర్చుకుంటూ ఈ వారమంతా రోమన్ల పురాణ వీరుడు ఐనేయాస్ వంశంలోనే చిక్కుకుపోయాను. ఒకచోట ఐనేయాస్, ఇంకోచోట అంకీసియాదేస్, మరోచోట దార్దనిదేస్. ముగ్గురు మనుషులనుకుని నోట్సులో విడివిడిగా రాసుకున్నా! తీరా చూస్తే ఒక్కడే. అంకీసేస్ కొడుకు, దార్దనుస్ వంశస్థుడు. పార్థుడు, కౌంతేయుడు ఒకరేనని చిన్నప్పుడే తెలిసినదాన్ని, ఇక్కడ బోల్తాపడ్డాను.

నాకు బాగా నచ్చింది ఆ వంశంలోనే పుట్టిన సిల్వియుస్ పేరు. సిల్వా అంటే అడవి. అడవిలో పుట్టాడని ఆ పేరు. ఆ వంశం ఏలిన ఇటలీ పాత నగరం ఆల్బా లాంగాలో తర్వాతి రాజులంతా దాన్నే ఇంటిపేరులా తగిలించుకున్నారట, కోటలో పుట్టినా సరే.

ఐనేయాస్ కొడుకు అస్కానియుస్‌కి యూలుస్ అనే పేరూ ఉంది. జూలియస్ సీజర్ వంశం తమ మూలపురుషుడు అతనేనని చెప్పుకుంది. సీజర్ పేరు మీదే జూలై నెల. గోడమీద క్యాలెండర్‌ని ఇప్పుడే ఇంకోసారి చూసొచ్చాను.